ఇంచాంగా బొగ్గుబండిని ఎందుకు నడవనివ్వాలి

"మా ముత్తాత ఎండలో నడుం వంచి పరిచిన పట్టాల మీద వాళ్లు బుట్టల నిండా తినుబండారాలు పెట్టుకుని విహారానికి వెళ్తారు. నేను టికెట్టు కొనుక్కుని వాళ్ల పక్కన కూర్చోవాలా?"

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక పెళ్లి భోజనాల దగ్గర, తెల్లవాళ్లు సరదాకి ఎక్కే పాత బొగ్గు రైలు గురించి ఈ మాట అన్నది ఒక రిటైర్డ్ టీచరు. ఇంటిపేరు నాయుడు. తెలుగు మాత్రం రాదు, భజన పాటల్లో మిగిలిన నాలుగు పదాలు తప్ప. ఆవిడ ముత్తాత విశాఖపట్నం జిల్లా నుంచి ఒప్పంద కూలీగా నాటాల్‌కు, అంటే డర్బన్ చుట్టూ ఉన్న అప్పటి బ్రిటిష్ వలస రాజ్యానికి, వచ్చాడట. ఇక్కడ అందరూ ఆవిడను ఆంటీ అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఉద్యోగరీత్యా ఈ ఊరికి వచ్చిన నాబోటివాడు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న మనిషితో పెళ్లి పందిట్లో వాదించడం మర్యాద కాదు కాబట్టి ఆ పూట విని ఊరుకున్నాను. కానీ ఆవిడ ప్రశ్న ఊరుకోదగింది కాదు. చరిత్ర విషయంలో ఆంటీ చెప్పింది అక్షరాలా నిజం. రైలు విషయంలో మాత్రం ఆవిడతో ఏకీభవించలేను. ఆ బండి ఆగిపోకూడదని, పైగా మనవాళ్లు కూడా ఎక్కాలని, కుదిరితే ఇంజను మీదికే ఎక్కాలని నా వాదన.

ముందు బండి సంగతి చెప్పాలి. డర్బన్ శివార్లలో క్లూఫ్ అనే చిన్న ఊరుంది. అక్కడి స్టేషన్ నుంచి గిలిట్స్, హిల్‌క్రెస్ట్, బోథాస్ హిల్, డ్రమండ్ మీదుగా ఇంచాంగా దాకా పాత మెయిన్ లైను వెళ్తుంది. ఆ లైను మీద ఉమ్‌గేని స్టీమ్ రైల్వే అనే స్వచ్ఛంద సంఘం బొగ్గు ఇంజనుతో పాత చెక్క పెట్టెలను లాగిస్తుంది. మామూలుగా నెలలో చివరి ఆదివారం. ఒక పక్క ఉమ్‌గేని నది లోయ, వేయి కొండల లోయ అని పేరు. అలలు అలలుగా పచ్చటి గుట్టలు, వాటి మీద అక్కడక్కడా జూలూ ఇళ్లు. ఈ దారి పక్కనే డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య కామ్రేడ్స్ అనే సుదూర పరుగు పందెం జరుగుతుంది. ఆ పరుగులో సగం దూరం డ్రమండ్ దగ్గర పూర్తవుతుంది. ఇంచాంగా ఎత్తు ఎక్కలేక నడకకు దిగిపోయే ఆటగాళ్లను చూసినవాళ్లకు, రైలింజను అక్కడ ఎందుకు అంత ఆయాసపడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ముప్పై అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేచే దారి అది. రైలుకు అది నిట్టనిలువు కిందే లెక్క. పైగా అన్నీ మలుపులు. అందుకే 1921 ప్రాంతంలో కొంచెం తేలికైన కొత్త దారి వేసి, బరువు బళ్లను అటు మళ్లించారు. పాతది పాతదిగా మిగిలిపోయింది. మిగిలిపోవడమే దాని అదృష్టమైంది.

ఆ సంఘం ఇంజన్లలో ఒకదాని నెంబరు 1486, ముద్దుపేరు మౌరీన్. 1912లో గ్లాస్గోలో నార్త్ బ్రిటిష్ కంపెనీ తయారు చేసింది. నాటాల్ రైల్వేలో ఇంజన్ల విభాగానికి పెద్దగా పనిచేసిన హెండ్రీ ఈ కొండలను దృష్టిలో పెట్టుకునే ఆ తరహా ఇంజన్లను రూపొందించాడు. దక్షిణాఫ్రికాలో ఇలాంటి సంఘాలు ఇంకా ఉన్నాయి. ప్రిటోరియాలో ఫ్రెండ్స్ ఆఫ్ ది రైల్, జోహానెస్‌బర్గ్ పక్కన జర్మిస్టన్ షెడ్డులో రీఫ్‌స్టీమర్స్. మొదటివాళ్లు కులినన్ అనే వజ్రాల గని ఊరికి బళ్లు నడిపారు. 1905లో 3106 క్యారట్ల వజ్రం దొరికిన చోటు అది. రెండోవాళ్లు మగలీస్‌బర్గ్ ఊరి వైపు నడిపారు. డ్రైవరు, మంటలో బొగ్గు వేసే ఫైర్‌మన్, గార్డు, టికెట్లు చించేవాళ్లు, పెట్టెల్లో కిటికీ చట్రాలు బాగు చేసే వడ్రంగి పనివాళ్లు, అందరూ దాదాపు జీతం లేని మనుషులే. అకౌంటెంట్లు, ఇంజనీర్లు, కాలేజీ కుర్రాళ్లు, సర్వీసులో ఉండగా నిజంగానే బొగ్గు ఇంజన్లు నడిపిన ఒకరిద్దరు ముసలి డ్రైవర్లు. టికెట్ల డబ్బు బొగ్గుకు, బీమాకు, పట్టాలు వాడుకున్నందుకు కట్టే రుసుముకు, రైల్వే భద్రతా నియంత్రణ సంస్థ దగ్గర తీసుకునే అనుమతికి పోతుంది. మిగిలితే బాయిలరుకు.

బాయిలరు దగ్గరికి వచ్చాం కాబట్టి కాసేపు ఆగుతాను. నా వృత్తి అదే. ఫ్యాక్టరీ బాయిలర్ల మరమ్మతు, తనిఖీ. ఈ రోజుల్లో ఆ పనిలో చేతికి మసి అంటదు. గాజు గదిలో తెర ముందు కూర్చుంటే ఒత్తిడి, వేడి, నీటిమట్టం అన్నీ అంకెలై ఎదురుగా వస్తాయి. అలాంటివాడిని బొగ్గు ఇంజను చుట్టూ తిరుగుతూ చూసింది కొంత వృత్తిపరమైన అసూయతోనే అనుకోండి.

ఆదివారం పొద్దున బండి కదలాలంటే శనివారమే నిప్పు వెయ్యాలి. చల్లారిన బాయిలరును ఒక్కసారిగా వేడి చెయ్యకూడదు. మందపాటి రేకు ఒక వేగంతో, సన్నటి గొట్టాలు మరో వేగంతో వ్యాకోచిస్తాయి. తొందరపడితే అతుకులు కారతాయి. అందుకని ముందు నూనె గుడ్డలు, కట్టెలు. అవి అంటుకున్నాక కొద్దికొద్దిగా బొగ్గు. రాత్రంతా ఎవరో ఒకరు కాపలా ఉండి, గంటకోసారి లేచి మంటను, నీటిని చూస్తుండాలి. తెల్లవారేసరికి పక్కనుంచి నడిచి వెళ్తే ఇంజను నుంచి సన్నగా ఒక మూలుగు వినిపిస్తుంది. ఒత్తిడి ఎక్కుతోందని ఆ మూలుగును బట్టే చెబుతారు పాతవాళ్లు, ఒత్తిడి చూపే గేజి వైపు చూడకుండా.

నేను ఎక్కువసేపు చూసింది బొగ్గు వేసే తీరును. పార నిండా ఎత్తి విసరడమే అనుకుంటాం. అలా చేస్తే నల్ల పొగ తప్ప ఆవిరి రాదు. కొత్తగా పడ్డ బొగ్గు మంటను చల్లారుస్తుంది, గాలి అందక సగం కాలి పొగగా పోతుంది. తెలిసిన ఫైర్‌మన్ పెనం మీద దోసెపిండి తిప్పినట్టు పలుచగా, ఎక్కడ మంట తెల్లబడి పల్చనైందో అక్కడ మాత్రమే చల్లుతాడు. మూలలకు కొంచెం ఎక్కువ, మధ్యలో తక్కువ. ఆ చోటు కనిపించాలంటే కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగులోకి చూడాలి. దానికో కిటుకు ఉంది: పారను మంట మీదికి బోర్లా చాచి పట్టుకుంటే గాలి దాని కిందుగా మళ్లి, మంట పక్కకు తొలగి, ఒక క్షణం అడుగు కనబడుతుంది. ఈ కిటుకును ఒక ముసలాయన ఒక అమ్మాయికి నేర్పుతుండగా చూశాను. ఆ పిల్లకు ఇరవై ఏళ్లుంటాయేమో. ఆయన నోటితో చెప్పలేదు. ఆమె మణికట్టు పట్టుకుని తిప్పాడు. రెండోసారి తిప్పాల్సి వచ్చింది. మూడోసారి వదిలేసి, వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మధ్యమధ్య ఆ అమ్మాయి తలెత్తి గేజి గ్లాసు, అంటే నీటిమట్టం చూపే గాజు గొట్టం, చూస్తోంది. అందులో నీటిమట్టం కనబడకపోతే మిగతావన్నీ వదిలెయ్యాలి. బొగ్గు మండే పెట్టె, ఫైర్‌బాక్సు, దాని పైకప్పు మీద ఎప్పుడూ నీళ్లుండాలి. లేకపోతే ఆ రేకు ఎర్రగా కాలి మెత్తబడి, లోపలి ఒత్తిడికి చిరుగుతుంది. అంతదాకా రాకుండా పైకప్పులో ఒక సీసపు బిరడా పెడతారు. నీళ్లు తగ్గితే ముందు సీసం కరిగి, ఆవిరి చిమ్మి, హెచ్చరిక ఇస్తుంది. చిక్కేమిటంటే బండి ఎత్తు ఎక్కుతున్నప్పుడు నీళ్లు వెనక్కి జరుగుతాయి, వెనకే ఉన్న గ్లాసులో మట్టం ఎక్కువగా కనిపిస్తుంది. శిఖరం దాటి పల్లంలోకి వంగగానే నీళ్లు ముందుకు పోయి ఫైర్‌బాక్సు మీద పలుచబడతాయి. అంటే ఎక్కుతున్నప్పుడే దిగడానికి సరిపడా నీళ్లు పంపి ఉండాలి. లైను పొడవునా ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో ఫైర్‌మన్‌కు ముందే తెలియాలన్నమాట. నా తెరలో అంకెలు ఇలాంటి పాఠం ఎప్పుడూ చెప్పలేదు.

ఇది ఎందుకింత వివరంగా రాశానంటే, పాత ఇంజన్లను కాపాడుతున్నాం అనేవాళ్లు సాధారణంగా కాపాడేది ఇనుమును మాత్రమే. మన దగ్గర పెద్ద స్టేషన్ల ముందు, రైల్వే ఆఫీసుల ముందు చూడండి. సిమెంటు దిమ్మ మీద ఒక బొగ్గు ఇంజను. నల్లటి రంగు, ఎర్రటి చక్రాలు, చుట్టూ గొలుసు, ఒక ఫలకం. ఆగస్టు పదిహేనుకు ముందు మళ్లీ రంగు. లోపల గొట్టాలు తుప్పు పట్టి ఉంటాయి, గేజి గ్లాసు ఉండదు, డ్రైవరు నిలబడే కాబ్‌లో ఇత్తడి సామాను ఎప్పుడో మాయమై ఉంటుంది. దాన్ని నడపడం తెలిసిన చివరి మనిషి ఎక్కడో మనవడి ఇంట్లో టీవీ చూస్తుంటాడు, ఆయన్ను అడిగినవాడు ఉండడు. 1990ల్లో మన బ్రాడ్‌గేజి లైన్లలో బొగ్గు ఇంజన్లు ఆగిపోయాక వేలమంది డ్రైవర్ల, ఫైర్‌మన్ల చేతుల్లో ఉన్న విద్య వాళ్లతోపాటే ఇంటికి వెళ్లిపోయింది. 1855 నాటి ఫెయిరీ క్వీన్‌ను 1997లో మళ్లీ పట్టాలెక్కించారు, హర్యానాలో రేవాడి షెడ్డు ఉంది, నీలగిరి కొండ మీద పళ్ల చక్రాల ఇంజన్లు ఇంకా ఎక్కుతున్నాయి. గొప్ప పనులే, కాదనను. కానీ అవన్నీ రైల్వే శాఖ తన సిబ్బందితో చేయించేవి. ఆసక్తి ఉన్న మామూలు మనిషి, ఒక లెక్చరరో, మెకానిక్కో, శనివారం వెళ్లి గుడ్డ పట్టుకుని తుడవడంతో మొదలుపెట్టి పదేళ్లకు ఇంజనుకు ఆవిరి వదిలే రెగ్యులేటరు మీద చెయ్యి వేసే దారి మన దగ్గర లేదు.

ఇక్కడ ఆ దారి ఉంది. కొత్తగా చేరినవాడి చేతికి మొదట ఇచ్చేది నూనె గుడ్డే. ఇంజను తుడవాలి, బూడిద తీయాలి, కరిగి గట్టిపడ్డ క్లింకరును పొడవాటి ఇనుప కడ్డీతో పగలగొట్టి లాగాలి. తర్వాత ఫైర్‌మన్, ఆ తర్వాత డ్రైవరు. అసలు రైల్వేలో ఏ మెట్లుండేవో అవే మెట్లు. జీతం ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి.

ప్రభుత్వ సంస్థ చేతిలో పెడితే ఇంకా భద్రంగా ఉంటుంది కదా అనేవాళ్లకు ఔటెనీక్వా బండి కథ చెబుతాను. జార్జ్ నుంచి నైస్నా దాకా సముద్రపు ఒడ్డున, కైమాన్స్ నది వంతెన మీదుగా వెళ్లే బొగ్గు బండి అది. ఈ దేశపు పర్యాటక పోస్టర్లన్నింటిలోనూ అదే బొమ్మ. దేశ రవాణా సంస్థే నడిపేది. డబ్బుకు, మనుషులకు కొదవ లేదు. 2006 ఆగస్టులో కుండపోత వానలకు కొండచరియలు విరిగి లైను మీద పడ్డాయి. ఆ తర్వాత నైస్నాకు బండి మళ్లీ వెళ్లలేదు. కొన్నాళ్లు జార్జ్ నుంచి మోసెల్ బే వైపు నడిపి, అదీ ఆపేశారు. సంస్థ దృష్టిలో అది లెక్కల పుస్తకంలో ఒక నష్టం పద్దు. పద్దును కొట్టేస్తే సంస్థకు నిద్ర పడుతుంది. శనివారం రాత్రి బాయిలరు పక్కన కాపలా పడుకునేవాడికి ఆ వెసులుబాటు లేదు.

సరే, ఆంటీ ప్రశ్నకు వస్తాను. ఆవిడ అడిగింది ఇంజను గురించి కాదు, పట్టాల గురించి.

1860 జూన్ 26న డర్బన్‌లో రేవు నుంచి బజారు దాకా దక్షిణాఫ్రికా మొట్టమొదటి ఆవిరి రైలు నడిచింది. రెండు మైళ్లు. అదే ఏడాది నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి అదే రేవుకు చేరింది, మొదటి ఒప్పంద కూలీలతో. 1911 దాకా అలా వచ్చినవాళ్లు లక్షా యాభై వేల పైచిలుకు. మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లే ఎక్కువ. వాళ్లలో గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు చాలామంది. చెరకు తోటలంటే అందరికీ గుర్తుంటుంది. కానీ 1877లో ప్రభుత్వం రైల్వేను చేతిలోకి తీసుకుని లోపలి కొండల మీదికి లైను వేయడం మొదలుపెట్టాక, నాటాల్ ప్రభుత్వ రైల్వే కూడా ఒప్పంద కూలీలను పెద్ద ఎత్తున పనిలో పెట్టుకుంది. 1880 చివరికి లైను పీటర్‌మారిట్జ్‌బర్గ్ చేరింది. గుట్టలు తవ్వింది, కంకర కొట్టింది, వానలకు జారిపోయిన కట్టను మళ్లీ మళ్లీ పోసింది ఈ కూలీలు, వాళ్ల పక్కనే ఆఫ్రికన్ కూలీలు.

ఈ దారికి మరో కథ కూడా ఉంది. 1893 జూన్ 7 రాత్రి మోహన్‌దాస్ గాంధీ అనే యువ బారిస్టరును మొదటి తరగతి పెట్టెలోంచి పీటర్‌మారిట్జ్‌బర్గ్ ప్లాట్‌ఫాం మీదికి దింపేశారు. ఆ స్టేషను గురించి అందరికీ తెలుసు. ఆయన అక్కడికి ఏ దారిన చేరాడో ఎవరూ అడగరు. అప్పటికి డర్బన్ నుంచి పైకి వెళ్లే రైలు దారి ఒక్కటే. తర్వాత అక్కడక్కడా వంపులు సరిచేశారు గానీ, బోథాస్ హిల్ ఎక్కి ఇంచాంగా మీదుగా సాగిన ఆ పాత మెయిన్ లైనే. ఇప్పుడు చివరి ఆదివారం పిల్లలు కిటికీల్లోంచి తలలు పెట్టి కేరింతలు కొట్టేది ఆ రాత్రి దింపేసేముందు ఆయన మొదటి తరగతి ప్రయాణీకుడిగా కూర్చుని వెళ్లిన దారిలోనే.

డర్బన్‌లో ఒప్పంద కూలీల ఓడ జాబితాలున్నాయి. ఒక్కో మనిషికి ఒక వరుస. వలస నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, గ్రామం. పేర్ల అక్షరక్రమం ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. అప్పలస్వామి ఏ రూపంలో ఉంటాడో వెతికినవాడికే తెలుస్తుంది. చివర్లో ఎవరి దగ్గర పనికి పంపారో ఉంటుంది. కొన్నిచోట్ల తోట యజమాని పేరు, కొన్నిచోట్ల నాటాల్ ప్రభుత్వ రైల్వే. నన్ను కలవరపెట్టింది ఈ నెంబర్ల సంగతి. ఇంజనుకూ నెంబరుంది, కూలీకీ నెంబరుంది. 1486 అంటే ఆవిరి రైలు అభిమానులు ఏ కంపెనీ, ఏ సంవత్సరం, బాయిలరు ఎప్పుడు మార్చారు అన్నీ ఒక్క గుక్కలో చెబుతారు. కూలీ నెంబరు చెబితే, మనవరాలు వచ్చి అడిగేదాకా, ఎవరూ ఏమీ చెప్పలేరు.

అన్యాయం అక్కడితో ఆగలేదు. 1924 తర్వాత వచ్చిన ప్రభుత్వం "నాగరిక శ్రమ" అనే విధానం పెట్టి, పేద తెల్లవాళ్లకు ఉద్యోగాలివ్వడానికి రైల్వేలో భారతీయులను, ఆఫ్రికన్లను పనిలోంచి తప్పించింది. తాతలు కట్ట పోసిన లైను మీద మనవలకు ఉద్యోగం లేకుండా పోయింది. దశాబ్దాల పాటు ఇంజను మీద ఫైర్‌మన్, డ్రైవరు కొలువులు తెల్లవాళ్లకే. షెడ్డులో బొగ్గు మోసేది, బూడిద ఎత్తేది నల్ల చేతులు. కాబ్‌లో పార పట్టేది తెల్ల చేతులు. వర్ణవివక్ష కాలంలో పెట్టెలూ వేరు, ప్లాట్‌ఫాం మెట్లూ వేరు. ఈ సంగతి తెలిసినవాడికి వార్నిష్ మెరిసే పాత చెక్క పెట్టెలో కూర్చుని, ఆ రోజులే రోజులు అని నిట్టూర్చే పెద్దమనిషి మాట చెవికి ముల్లులా తగలడంలో వింత లేదు. నాకూ తగిలింది.

అయితే దీనికి మందు బండి ఆపడమా? బండి ఆగిపోతే ఈ కథ చెప్పడానికి ఉన్న ఒకే ఒక్క కదిలే సాక్ష్యం పోతుంది. ఆ లైను కట్టను చూడటానికి ఇవాళ మనుషులు వెళ్తున్నారంటే బండి ఉండబట్టే. బండి లేకపోతే నాలుగేళ్లలో గడ్డి, పదేళ్లలో చెట్లు, ఈలోగా పట్టాలు తునకలై పాత ఇనుము కొట్టుకు. ముత్తాత పని మొత్తం తూకానికి వెళ్తుంది. ఆంటీ కోపం న్యాయమైనదే, కానీ దాని ఫలితం ఆ ముత్తాతను రెండోసారి తుడిచెయ్యడమే అవుతుంది.

బొగ్గు బండి తెల్లవాళ్ల సొత్తు, వాళ్ల ముచ్చట అనే మాటకు నేను ఎరిత్రియాను చూపిస్తాను. మసావా రేవు నుంచి 2,300 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న అస్మారా దాకా 118 కిలోమీటర్ల లైనును ఇటాలియన్లు వేశారు, స్థానికుల చెమటతోనే. స్వాతంత్ర్య యుద్ధంలో అది ధ్వంసమైంది. పట్టాలను, స్లీపర్లను పీకి కందకాలకు, బంకర్లకు వాడుకున్నారు. 1993లో దేశం స్వతంత్రమయ్యాక విదేశీ అప్పు తీసుకోకుండా తామే బాగు చేసుకోవాలనుకున్నారు. డెబ్బై ఏళ్లు దాటిన పాత రైల్వే కార్మికులు తిరిగి వచ్చారు. కందకాల్లోంచి పట్టాలు ఏరుకొచ్చి పరిచారు, 1930ల నాటి ఇటాలియన్ ఇంజన్లకు మళ్లీ ఊపిరి పోశారు, 2003 నాటికి లైనును అస్మారా చేర్చారు. వాళ్లకు ఆ ఇంజను వలసపాలకుడి గుర్తు కాదు. తమ చేతులకు తెలిసిన పని. ఆ ముసలివాళ్ల ముందు నిలబడి ఇది ఎవరి వారసత్వం అని అడిగే ధైర్యం నాకు లేదు.

ఆంటీ అనని అభ్యంతరం ఇంకొకటి ఉంది, అది నాకు ఇంకా గట్టిగా తోస్తుంది. కూలిపనికి వెళ్లేవాడి రైలు ఏమైంది? దక్షిణాఫ్రికా నగరాల చుట్టూ పేదవాళ్లు ఆధారపడ్డ లోకల్ రైళ్లు కొన్నేళ్లుగా చితికిపోయాయి. 2020 లాక్‌డౌనులో కాపలా లేని స్టేషన్లను దొంగలు తలుపులు, పైకప్పు రేకులతో సహా ఊడ్చేశారు. పైన కరెంటు తీగలు మైళ్ల కొద్దీ మాయం. పనివాడు సగం కూలి మినీ టాక్సీకి పోసి వెళ్తుంటే, పక్క లైనులో విహారపు బండి కూత పెట్టడం బాగుండదు, నిజమే. కానీ ఒకరి బండి ఆగితే రెండోవారి బండి కదలదు. తీగ తెంపినవాడు, పట్టా కోసినవాడు ఇద్దరికీ శత్రువే. కరెంటు తీగ అక్కర్లేని బొగ్గు ఇంజనుకు కూడా సిగ్నలు కేబులు కావాలి, పట్టా కావాలి. కొండల మధ్య ఏ గడ్డి పెరిగింది, ఏ బోల్టు పోయింది అని లైను వెంట నడిచి చూసేవాళ్లలో ఈ జీతం లేని మనుషులు కూడా ఉన్నారు. వాళ్లను పంపేస్తే చూసే కళ్లు మరికొన్ని తగ్గుతాయి.

పొగ సంగతి కూడా అడుగుతారు. నెలకో బండి పొగ ఈ దేశంలో బొగ్గుతో నడిచే ఒక్క విద్యుత్ కేంద్రం ముందు ఏ మూలకూ రాదు. ఎండిన గడ్డి మీద నిప్పురవ్వ పడటం మాత్రం నిజమైన భయం. పొగగొట్టంలో జల్లెడ పెట్టినా రవ్వలు తప్పించుకుంటాయి. గాలి ఎక్కువగా ఉన్న ఎండు రోజుల్లో బొగ్గు ఇంజను ఆపి డీజిల్ కట్టమంటే నేను వాళ్ల పక్షానే ఉంటాను. నీళ్ల కష్టం వేరు. ఒకప్పుడు పెద్ద స్టేషన్లలో ఉన్న నీటి స్తంభాలు పోయాయి కాబట్టి చాలా చోట్ల టాంకరు లారీయే గతి. ఆవిరి బండికి లారీ నీళ్లు తేవడం చూస్తే పాతకాలపు డ్రైవరు నవ్వాలో ఏడవాలో తెలియక బీడీ వెతుక్కుంటాడు.

నాకు ఈ ఆవిరి అభిమానుల మీద ఫిర్యాదు లేకపోలేదు. ఏ ఒక్క సంఘాన్నో అనడం లేదు, ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా దాకా ఈ లోకమంతా ఒకటే తీరు. ఇంజను చక్రాల లెక్క, సిలిండరు కొలత, రంగు ఛాయ మీద గంటలు వాదించుకుంటారు. కట్ట ఎవరు పోశారంటే మాట మారుతుంది. చెడ్డతనం వల్ల కాదు, అలవాటు వల్ల. యంత్రానికి చరిత్ర ఉందని ఒప్పుకున్న మనిషి లైనుకూ చరిత్ర ఉందని ఒప్పుకోవడానికి ఎంతో దూరం నడవక్కర్లేదు. ప్రతి పెట్టెలో ఒక చట్రం, అందులో ఓడ జాబితాలోని ఒక పుట నకలు, రైల్వేకు పంపిన నాలుగు పేర్లతో. బోథాస్ హిల్ దాటాక రెండు నిమిషాలు గాంధీ ప్రయాణం గురించి. 1924 విధానం గురించి, మెత్తటి మాటలు వాడకుండా. ఖర్చు దాదాపు సున్నా. కానీ ఇవి బయట నిలబడి చేసే డిమాండ్లయితే ఎవరూ వినరు. నూనె గుడ్డ పట్టినవాడు అడిగితే వింటారు. స్వచ్ఛంద సంఘాల్లో ఓటు అలా సంపాదించుకోవాలి, వేరే దారి లేదు.

కాబ్‌లో ఇప్పుడు రంగు నిబంధన లేదు. ఒకప్పుడు నాయుడుల పిల్లలకు, ఆఫ్రికన్ ఇంటిపేరు డ్లామినీల పిల్లలకు చట్టం మూసిన ఆ రెండడుగుల ఇనుప వేదిక ఇవాళ శనివారం వచ్చి బూడిద ఎత్తేవాడికెవరికైనా తెరిచే ఉంది. ముత్తాతకు మనం చేయగల న్యాయంలో ఇది చిన్నదే. అయినా అది టికెట్టు కొనకుండా ఇంట్లో కూర్చుంటే దక్కేది కాదు. మన తెలుగు సంఘాలు ఉగాదికి, దీపావళికి హాళ్లు అద్దెకు తీసుకుని నాటకాలు వేస్తాయి. 1931లో పుట్టిన ఆంధ్ర మహాసభ ఇంకా భజన, భాష నిలబెట్టాలని పాటుపడుతోంది. వాళ్లలో నలుగురు కుర్రాళ్లు, అమ్మాయిలైతే మరీ మంచిది, ఏడాది పాటు రైల్వే షెడ్డులో చెమటోడిస్తే చాలు; తర్వాత ఆ చట్రం గురించి ఎవరూ ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

ఆంటీ మనవడికి ఈ మధ్య ఇదంతా చెప్పాను. ఇంజనీరింగు రెండో ఏడు. వెళ్తానన్నాడు, అమ్మమ్మకు మాత్రం తనే చెబుతానన్నాడు. వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఒక మాట: తోలు బూట్లు, మందపాటి నూలు బట్టలు వేసుకోండి. నైలాను, పాలిస్టరు వద్దు. నిప్పురవ్వ పడితే అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి.